లావు టైర్ల మేడం

ఆమె పోయిన సంగతి నాకు టైర్ల దుకాణంలో తెలిసింది.

వేసవి సెలవులు మొదలైన వారం అది. నా కారు ముందు టైర్లు మార్పించుకుందామని మార్కాపురం స్టేషన్ రోడ్డులోని దుకాణానికి వెళ్లాను. దుకాణం భాయి జాకీ ఎక్కించి చక్రం విప్పుతూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"మేడం సంగతి తెలిసింది గదా అమ్మా?"

"ఏ మేడం?"

"అదే, మన లావు టైర్ల మేడం. పోయిందంట. నంద్యాలలో, వాళ్ల చెల్లెలి ఇంట్లో. దినాలు గూడా అయిపోయినాయంట."

ఆమెకు ఒంట్లో బాగాలేదని తెలుసు. నంద్యాల వెళ్లిందనీ తెలుసు. పరీక్షల పనిలో పడి నెలన్నర పైగా ఫోన్ చేయలేదు. భాయి చేతిలోని పానా కింద పెట్టి గోడవైపు చూపించాడు. అక్కడ పసుపు కాగితం చుట్టిన రెండు టైర్లు నిలబెట్టి ఉన్నాయి. వెడల్పుగా, పొట్టిగా, మిగతా టైర్ల మధ్య వేరే ఊరి మనుషుల్లా ఉన్నాయి.

"ఆయమ్మ చెప్తేనే తెప్పించిన. హైదరాబాదు నుంచి వచ్చేసరికి మనిషే లేదు. ఈ సైజు మన ఊళ్లో ఇంకెవరి కారుకూ పట్టదు. వాపస్ పంపుదామంటే చేతులు రావడంలే" అన్నాడు.

ఆమెను పేరుతో పిలిచినవాళ్లను నేను ఊళ్లో చూడలేదు. బజారులో శెట్టిగారి భార్య. డ్రైవింగ్ నేర్చుకునే ఆడవాళ్లకు అక్క. పిల్లలకు లావు టైర్ల మేడం. ఈ మూడో పేరంటే ఆమెకు లోలోపల ఇష్టం. ఎవరైనా పిల్లవాడు రోడ్డు పక్కనుంచి అలా అరిస్తే, హారన్ చిన్నగా ఒకసారి మోగించి జవాబు చెప్పేది.

పొట్టి మనిషి. స్టీరింగు వెనక కూర్చుంటే బయటివాళ్లకు కొప్పూ కళ్లద్దాలూ తప్ప కనిపించేవి కావు. అందుకని సీటు మీద ఒక బొంతను మడిచి వేసుకునేది. నేత చీర, నడుముకు బిగించి దోపిన కొంగు, కాళ్లకు మాత్రం బడిపిల్లలు ఆటల పీరియడ్‌లో వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లు. చెప్పులతో వచ్చినవాళ్లను కారు ఎక్కనిచ్చేది కాదు. "చెప్పు జారి బ్రేకు కింద ఇరుక్కుంటే నన్ను పిలిస్తే నేనేం చేసేది? పో, బూట్లేసుకొని రేపు రా" అని వెనక్కి పంపేసేది. తాలూకాఫీసులో పనిచేసే ఆవిడా, ఆవిడ భర్తా ఇద్దరూ బతిమాలినా సరే, ఆరోజు పాఠం లేదంటే లేదు.

శెట్టిగారిది కిరాణా హోల్‌సేల్ వ్యాపారం. ఆ దుకాణం పక్కనే, బస్తాలు దించుకునే గదిని ఖాళీ చేయించి ఆమె ఆడవాళ్ల డ్రైవింగ్ స్కూలు పెట్టింది. నేర్పడానికి ఒక పాత తెల్ల కారు ఉండేది. తలుపులు మోత, గేరు మార్చినప్పుడల్లా మూలుగు. రెండోది ఆమె సొంత కారు. చిన్నదే, కానీ జోరైనది. బెంగుళూరులో ఎవరో మోజుపడి కొనుక్కొని అమ్మేస్తే, సెకండ్ హ్యాండులో తెప్పించుకుంది. ఆ లావు టైర్లు దాంతోపాటే వచ్చాయి. రేసుల్లో వాడే జాతివని భాయి అనేవాడు. మెత్తటి రబ్బరు. రోడ్డును పట్టుకుంటే వదలవు. కానీ మన రోడ్ల మీద రోజూ తిరగడానికి చేసినవి కావు.

ఊరంతా మార్చేయమనే సలహా ఇచ్చింది. పక్కగోడ పొట్టిగా ఉండడం వల్ల చిన్న గుంతలో పడినా దెబ్బ నేరుగా నడుముకు తగిలేది. సిమెంటు రోడ్డు మీద తేనెటీగల గుంపు వెంటపడినట్టు ఒకటే రొద. లారీల చక్రాలకు దిగబడిన రోడ్డు మీదైతే స్టీరింగు దానంతటదే ఆ గాడిలోకి లాగేది, పట్టుకొని ఉండాలి. శెట్టిగారు వెనక సీట్లో కూర్చొని, కిటికీ పైన ఉండే పిడిని రెండు చేతులతో పట్టుకునేవారు. "నడిపే పని ఆమెది, నడుముకు నూనె రాసుకునే పని నాది" అనేవారు నవ్వుతూ. ఆయనకు డ్రైవింగ్ రాదు. నేర్చుకోవాలన్న కోరికా లేదు.

ఆమె మాత్రం రోడ్డునే ఆ టైర్లకు తగ్గట్టు నేర్చుకుంది. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఏ గుంత ఎక్కడుందో ఆమెకు నోటికి వచ్చు. కొన్నింటికి పేర్లు కూడా పెట్టింది. ఒకటి రిమ్ము గుంత, అక్కడ ఆమె రిమ్ము వంగింది. ఇంకొకటి శెట్టి గుంత. ఎందుకా పేరు వచ్చిందో చెప్పక్కర్లేదు. స్పీడ్ బ్రేకరు వస్తే కారును ఐమూలగా తిప్పి ఒక్కొక్క చక్రాన్నే ఎక్కించి దించేది, నిండు చెంబు నెత్తిన పెట్టుకున్నట్టు. వెనక లారీవాడు హారన్ మోగిస్తున్నా వినిపించుకునేది కాదు.

మార్కాపురం చుట్టూ పలక గనులు. లారీల్లోంచి రాలే పలక పెంకులు రోడ్డు పొడుగునా పడి ఉంటాయి. మామూలు టైర్లు వాటిని తొక్కుకుంటూ పోతాయి. మెత్తటి టైర్లకు అవి కత్తి ముక్కలు. పొద్దున్నే పాఠం మొదలుపెట్టకముందు ఆమె నాలుగు టైర్ల దగ్గరా గొంతుకూర్చొని, అరచేత్తో చుట్టూ తడిమి, కొప్పులోంచి పిన్ను తీసి ఆ పెంకులను ఒక్కొక్కటే ఏరేది. ఆ పని జరుగుతున్నప్పుడు పలకరిస్తే జవాబు ఉండేది కాదు. ఏరడం అయ్యాక పిన్నును చీరకు తుడిచి మళ్లీ కొప్పులో పెట్టుకునేది.

ఇంత తెలిసిన మనిషికి రివర్సు రాదు.

రాదు అంటే, కారు వెనక్కి పోయేది గానీ ఎటు పోతుందో ఆమెకు అంతుచిక్కేది కాదు. అందుకే వెనక్కి తీయక్కర్లేని చోటే ఆపేది. దానికోసం ఎంత దూరమైనా నడిచేది. తప్పనిసరి అయితే స్కూలు ఎదుటి టీ కొట్టు ఆయనను పిలిచేది. ఆయన గ్లాసులు వదిలి వచ్చి, చేతులు ఊపుతూ "రానీ, రానీ, ఇంకొంచెం రానీ, ఓయమ్మో ఆగు!" అని కేకలు పెట్టేవాడు. ఒకసారి నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, "నవ్వు నవ్వు. రివర్సు నేర్పాల్సి వచ్చినప్పుడు నేను కండ్లు మూసుకుంటా, నీ తంటాలు నువ్వు పడు" అంది. నిజంగానే అంత పనీ చేసింది. పుస్తకంలో ఉన్నది చదివి వినిపించి, మిగతాది మాకే వదిలేసింది. విచిత్రం ఏమిటంటే, ఆమె దగ్గర నేర్చుకున్న ఆడవాళ్లందరికీ రివర్సు బాగా వచ్చింది.

నేను ఆమె దగ్గరికి వెళ్లింది బస్సు బాధ పడలేక. యర్రగొండపాలెం మండలంలో అడవి అంచున ఉన్న ఊరి బడికి నన్ను టీచరుగా వేశారు. పొద్దున బస్సు ఎప్పుడూ మొదటి గంట కొట్టాకే దింపేది. ఇంట్లో కారు ఉంది. మా ఆయన ఆఫీసుకు బండి మీద వెళ్తారు కాబట్టి అది గుడ్డ కప్పుకొని ఆదివారం దాకా నిలబడే ఉంటుంది. నేను నేర్చుకుంటానంటే, "ఆ దారిలోనా? ఆ లారీల మధ్యనా?" అన్నారు. వద్దని మాత్రం అనలేదు. అప్పట్లో జిల్లాలు మారి, మార్కాపురం జిల్లా కాలేదని ఊళ్లో టెంట్లు వేసుకొని దీక్షలకు కూర్చునేవారు. పెద్ద రోడ్డు మీద ఎప్పుడు ఆగిపోతామో తెలియదు. అందుకని ఆమె మమ్మల్ని తర్లుపాడు వైపు, గనులు దాటాక వచ్చే ఖాళీ రోడ్డుకు తీసుకుపోయేది.

మొదటి కొన్ని రోజులు తెల్ల కారు. ఒకరోజు, "ఇయాల నా కారు ఎక్కు" అంది. రోడ్డు తిన్నగా ఉన్న చోట వేగం అందుకోమంది. అందుకున్నాను.

"ఇప్పుడు బ్రేకు తొక్కు."

తొక్కాను.

"చీమను తొక్కినట్టు కాదు టీచరమ్మా! పామును తొక్కినట్టు తొక్కు!"

మళ్లీ వేగం అందుకొని ఈసారి బలమంతా పెట్టి తొక్కాను. వెనక నుంచి ఎవరో మోకు కట్టి గుంజినట్టు కారు నిలబడింది. ఆమె దిగి, నన్నూ దింపింది. టైరు పక్కన గొంతుకూర్చొని, అది నేలకు ఆనిన చోట అరచెయ్యి పెట్టి చూపించింది.

"ఇంతే. కారు ఎంత పెద్దదైనా నేలను పట్టుకునేది ఇట్లాంటివి నాలుగు అరచేతులే. మనం లోపల పాటలు పెట్టుకొని, ఏసీ పెట్టుకొని కూచుంటాం గదా, మన ప్రాణాలన్నీ ఈడ ఉంటాయి."

మరునాడు అదే చోటికి తెల్ల కారులో తీసుకుపోయి, అదే వేగంలో, అదే బలంతో తొక్కమంది. అది ఆగింది. కానీ లావు టైర్ల కారు ఆగిన చోటును దాటి చాలా దూరం పోయి ఆగింది. "మీ ఆయన కారు గూడా ఇట్లాంటిదే. దాని మీద పోయేటప్పుడు నా కారును మర్చిపోవాల" అంది.

ఒక శనివారం నన్ను దోర్నాల ఘాటుకు తీసుకుపోయింది. పాఠం కాదు, ఊరికే. చెక్‌పోస్టు దగ్గర చెంచు ఆడవాళ్లు అమ్మే తునికి పండ్లు కొని నా ఒళ్లో పెట్టింది. ఘాటు ఎక్కడం మొదలుపెట్టాక మాట ఆగిపోయింది. వేగంగా ఏమీ పోలేదు. కానీ ప్రతి మలుపులోనూ కారు ఒరగకుండా, తడబడకుండా, గీత గీసినట్టు తిరిగేది. ఊళ్లో గులకరాయి తగిలితే ఎగిరిపడే ఆ కారే, అక్కడ కొండను ఆనుకొని ఒదిగి పోయింది. ఆమె ముఖం చూశాను. పెదవులు కొద్దిగా తెరుచుకొని ఉన్నాయి. కళ్లద్దాల వెనక కళ్లు మెరుస్తున్నాయి. పై నుంచి చూస్తే అడవి కిందంతా పరుచుకొని ఉన్న చోట ఆపింది.

"టీచరమ్మా, నాకు పద్దెనిమిదేండ్లకే పెండ్లి చేసినారు. చీరలు అత్త తెచ్చేది. నగలు నాయన చేయించినాడు. ఇల్లు మామ కట్టినాడు. అన్నీ మంచియ్యే, కాదనను. కానీ నాకంటూ ఇది కావాలని అడిగి తెచ్చుకున్నది ఏందంటే, ఈ కారు. కారు గూడా అందరికీ ఉంటుంది. ఈ టైర్లు" అంది.

నేను తునికి పండు చీల్చి ఆమెకు సగం ఇచ్చాను. గింజలు రోడ్డు మీద పడకుండా కొంగులో ఊసుకుంటూ తిన్నది.

ఇలాంటి టైర్లకు ఆయుష్షు తక్కువ. మామూలువి నాలుగైదేళ్లు వస్తే, ఇవి ఏడాదికే అరిగిపోవడం మొదలుపెట్టాయి. మన ఎండలకు రబ్బరు మరీ మెత్తబడి, రోడ్డుకే పూసుకుపోతుందని భాయి చెప్పేవాడు. ఆ వేసవిలో ఆయన రెండుసార్లు హెచ్చరించడం నేనే విన్నాను.

"గుండు అయిపోతా ఉన్నాయి మేడం. కొత్తవి చెప్పిన, వచ్చేదానికి టైము పడుతుంది. అందాకా మామూలు టైర్లు ఏసుకోండి."

"వద్దు భాయి. అవి ఎక్కితే నాకు కారు తెలియదు. పొడి రోడ్డు మీద ఇంకా బంకలాగ పట్టుకుంటా ఉన్నాయి" అంది ఆమె.

అది నిజమే. పొడి రోడ్డు మీద అరిగిన టైరు కూడా బాగానే పట్టుకుంటుంది. జూన్ వచ్చేదాకా ఎవరికీ ఏ తేడా తెలియలేదు.

బడులు తెరిచే ముందు ఆదివారం కంభం వెళ్లాం. అక్కడ ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు డ్రైవింగ్ నేర్చుకుంటామంటే మాట్లాడడానికి ఆమె బయలుదేరింది. తోడుగా నన్ను రమ్మంది. మాటలు అయ్యి తిరిగి వస్తుంటే మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. కంభం దాటిన కాసేపటికే చినుకులు పెద్దవయ్యాయి. మొదటి వాన. మట్టి వాసన లోపలికి రావాలని ఆమె కిటికీ అద్దం కొంచెం దించింది. సంతోషంగా ఉంది. ఆ అంగన్‌వాడీ అమ్మాయిల్లో ఒకామె సైకిలు కూడా తొక్కలేదట, ఆమెకు నేర్పడమే తనకు ఇష్టమని చెబుతోంది.

రోడ్డు కొద్దిగా పల్లానికి దిగే చోట నీళ్లు నిలిచి ఉన్నాయి. దానికి అవతల మేకల మంద రోడ్డు దాటుతోంది. వెనక గోనెసంచి నెత్తిన కప్పుకొన్న ఒక ముసలామె. మరీ దగ్గరేమీ కాదు. ఆ కారుకైతే ఆగడానికి కావలసినంత దూరం ఉంది. ఆమె బ్రేకు తొక్కింది.

కారు ఆగలేదు. చప్పుడు కూడా లేదు. ఎప్పుడూ వినిపించే ఆ రొద ఒక్కసారిగా మాయమైంది. నీళ్ల మీద తేలినట్టు పక్కకు జారిపోయాం. ముసలామె గోనెసంచి నా కిటికీకి చెయ్యి చాపితే అందేంత దగ్గర నుంచి వెనక్కి వెళ్లిపోవడం చూశాను. తర్వాత రోడ్డు అంచు, ఒక కుదుపు, బురద అద్దం నిండా. దున్నిన చేనులో, ముక్కు కిందికి పెట్టి నిలబడిపోయాం.

ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్క మేక కూడా పోలేదు. ఆమె నుదురు స్టీరింగుకు తగిలి చిట్లింది. కళ్లద్దాలు ఎక్కడో పడిపోయాయి. ముసలామె గట్టు దిగి బురదలో వచ్చింది.

"ఏమ్మే, కండ్లు నెత్తికెక్కినాయా? మేకలు గనపడలే? నేను గనపడలే? మనిషిని అనుకున్నావా, చెట్టు అనుకున్నావా?" అని తిట్లు లంకించుకుంది. తలుపు తెరిచేసరికి నెత్తురు చూసి, "అయ్యో, కార్తా ఉందే తల్లీ. కూచో, కూచో" అని తన సీసాలోని నీళ్లు ఆమె నుదుటి మీద పోసింది. "వాన గదా, జారిందిలే. ఎవరికైనా జారుతుంది."

"వాన కాదు అవ్వా" అంది మా మేడం. "టైర్లు అరిగిపోయినాయి. తెలిసే నడిపినా."

ముసలామె చెయ్యి ఆగింది. ఆమె ముఖంలోకి కాసేపు చూసింది.

"తెలిసే నడిపినావా? అయితే నేను తిట్టిన తిట్లకు తప్పులేదులే" అంది. మిగిలిన నీళ్లు ఆమె చేతికే ఇచ్చి, మేకలను అదిలించుకుంటూ పోయింది.

వాన వెలిశాక గట్టు మీద కూర్చొని ట్రాక్టరు కోసం చూశాం. ఆమె చేతులు రెండూ కొంగులో దాచుకుంది. నేను ఆమె మంచికే అన్నాను.

"అక్కా, ఎవరికీ చెప్పొద్దు. మేకలు అడ్డమొచ్చాయందాం. నేర్పే మనిషి కారే చేనులోకి పోయిందంటే ఎవరొస్తారు?"

ఆమె కొంగులోంచి చెయ్యి తీసి, బూటుకు అంటిన బురద గీకింది.

"మీ బడిలో పిల్లోడు లెక్క తప్పు చేస్తే, తుడిపేసుకొని రమ్మంటావా, యాడ తప్పిందో చూపిస్తావా?" అంది చివరికి. "తొక్కినా టీచరమ్మా. పామును తొక్కినట్టే తొక్కినా. అడుగున నేలే లేదు. ఆ ముసల్ది ఇంకొక్క అడుగు ఇటు ఉండి ఉంటే..."

కారును ట్రాక్టరుతో లాక్కొచ్చి, స్కూలు ముందు నడిబజారులో పెట్టించింది. సొట్ట, బురద, రేకులో ఇరుక్కున్న గడ్డి, అన్నీ అలాగే. నుదుటికి కట్టుతో పక్కనే స్టూలు వేసుకొని కూర్చుంది. వచ్చిన ప్రతి ఆడమనిషి చెయ్యీ పట్టుకొని ఆ టైరు మీద పెట్టించింది. అది చెప్పు అడుగులా నున్నగా ఉంది.

"చూడమ్మా. ఇది కొత్తగా ఉన్నప్పుడు వానలో గూడా పట్టుకుంటుంది. అందుకే నమ్ముతాం. బాగా పట్టుకున్నన్ని దినాలు మనం ధైర్యం నేర్చుకుంటాం. ఇది కొంచెం కొంచెంగా అరుగుతా పోతుంది. మన ధైర్యం మాత్రం అరగదు. ఆడ వస్తుంది చిక్కు. నేను ఇట్లనే చేనులోకి పోయినా."

శెట్టిగారు దుకాణం మెట్ల మీద నిలబడి మెల్లగా అన్నారు. "ఇంక చాలు, కడిగిద్దాం. జనం నవ్వుతా ఉన్నారు."

"నవ్వనీ. నవ్వేటోళ్లు గూడా ఒకసారి చెయ్యి పెట్టి చూసి పోనీ."

కాసేపటికి ఆయన లోపలి నుంచి ఇంకొక స్టూలు తెచ్చుకొని ఆమె పక్కన కూర్చున్నారు. సరుకులకు వచ్చినవాళ్లు ఆయన ఉన్న చోటికే వచ్చి అడిగి పోయారు.

జనం నవ్వడమే కాదు, మానేశారు కూడా. కోడళ్లను పంపిన అత్తలు వాపస్ పిలిపించుకున్నారు. "ఆయమ్మే పోయి చేనులో పడింది, మనకేం నేర్పుతుంది?" అన్న మాట బజారంతా తిరిగింది. కంభం అంగన్‌వాడీ అమ్మాయిల్లో ఒకామె ఫోనే ఎత్తలేదు. స్కూలు ముందు ఉదయాన్నే బూట్లు వేసుకొని నిలబడే వరుస కనబడకుండా పోయింది. మా ఇంట్లోనూ ఆ మాట వచ్చింది.

"ఇంక ఆపేయ్. చూశావుగా. నువ్వు అందులోనే ఉన్నావు" అన్నారు మా ఆయన. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"ఉన్నాను కాబట్టే పోతాను. జారిందని అబద్ధం చెప్పి ఉంటే మానేసేదాన్నే" అన్నాను. పొద్దున నేను బూట్లు వెతుక్కుంటుంటే, ఆయనే గుమ్మం దగ్గర తెచ్చి పెట్టారు.

ఆ రోజు స్కూలుకు వెళ్లింది నేనొక్కదాన్నే. ఆమె తెల్ల కారు తాళం చేతిలో తిప్పుకుంటూ నన్ను చూసి, "వచ్చినావా?" అంది. అంతే. తర్వాత గంటసేపు గేరు సరిగ్గా వేయడం లేదని తిట్టింది. అంత తిట్టడం అంతకు ముందెప్పుడూ వినలేదు. దిగేటప్పుడు తన ఫ్లాస్కులోని టీ మూతలో పోసి నాకు ఇచ్చింది.

కొత్త టైర్లు వచ్చేదాకా ఆమె సొంత కారుకు మామూలు టైర్లు వేయించుకోక తప్పలేదు. శెట్టిగారి నడుముకు సుఖం దొరికింది. కారు మెత్తగా, చప్పుడు లేకుండా పోయేది. ఆమె ముఖం మాత్రం వాడిపోయింది. "గుడికాడ ఎవరియో చెప్పులు తొడుక్కొని వచ్చినట్టుంది" అనేది. తన టైర్లు వచ్చిన రోజు భాయి దుకాణంలో మాకందరికీ మైసూరుపాకు పంచింది. కానీ ఆ తర్వాత లెక్క మారింది. సగం అరగగానే మార్పించేసేది. భాయి, "ఇంకా ఉంది మేడం, ఈ ఎండాకాలం దాటుతుంది" అన్నా ఒప్పుకునేది కాదు. "ఎండాకాలం దాటుతుంది భాయి. వానాకాలానికి దారి గూడా అదే గదా" అనేది.

మానేసినవాళ్లలో కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. కంభం నుంచి ఆ సైకిలు తొక్కడం రాని అమ్మాయి మాత్రం వచ్చింది. బేస్తవారిపేట నుంచి ఒక నర్సు వచ్చింది. నాకు లైసెన్సు వచ్చింది. బడి గంట కంటే ముందే చేరడం మొదలుపెట్టాను.

ఏడాదిన్నర గడిచాక ఆమెకు జబ్బు చేసింది. కడుపులో ఏదో గడ్డ అన్నారు. మనిషి సగమైంది. కాన్వాసు బూట్లు వదులై నడిస్తే టపటపమనేవి. ఒంగోలు ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు, శెట్టిగారు పొద్దున్నే నాకు ఫోన్ చేశారు. "ఆమె నడుపుతానంటా ఉందమ్మా. నిలబడలేకపోతా ఉంది. నీ మాటైతే వింటుంది."

నా కారు తీసుకొని వెళ్లాను. వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు. ముందు సీట్లో, నా ఎడమపక్కన కూర్చుంది. శెట్టిగారు ఫైళ్లూ, నీళ్ల సీసాలూ పట్టుకొని వెనక కూర్చున్నారు. ఊరు దాటేదాకా వరుసగా చెబుతూనే ఉంది. "అద్దం చూడు. ఆ ఆటోవాడు మళ్లుతాడు, చూసుకో. బ్రేకు మీద కాలెందుకు ఆనిచ్చినావు, తియ్యి." తర్వాత కాసేపు విని, "ఏం టైర్లే ఇవి, చప్పుడే లేదు. కారు పోతా ఉందా, ఆగి ఉందా?" అంది. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది గానీ, నొప్పి వచ్చినట్టుంది, చేత్తో కడుపు పట్టుకుంది.

పొదిలి దగ్గరపడుతుంటే మాటలు తగ్గాయి. ఒక లారీని దాటాక ఆమె ఏమైనా అంటుందేమోనని ఎదురుచూశాను. ఏమీ అనలేదు. బాధగా ఉందేమోనని పక్కకు చూశాను. తల కిటికీ అద్దానికి ఆనించి నిద్రపోతోంది. కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి. చేతులు ఒళ్లో అరచేతులు పైకి పెట్టుకొని ఉన్నాయి.

వెనక నుంచి శెట్టిగారు ముందుకు వంగి, గుసగుసగా అన్నారు. "ఇన్నేండ్లలో ఇంకొకరు నడిపే కారులో ఆమె కన్ను మూయడం నేను చూడలేదమ్మా. బస్సెక్కినా డ్రైవరు వెనకే కూచొని రోడ్డు చూస్తా ఉంటుంది."

నేను అద్దంలో ఆయనను చూసి తలూపాను. ఒంగోలు దాకా రోడ్డు బాగా లేని చోటల్లా గేరు తగ్గించి, కారును మెల్లగా దించి, మెల్లగా ఎక్కించాను. వెనక ఎవరెంత హారన్ కొట్టినా కొట్టనిచ్చాను.

ఆసుపత్రి ముందు వేపచెట్టు నీడ చూసి ఆపాను. ఆమె ఇంకా లేవలేదు. శెట్టిగారు టోకెను తెస్తానని సైగ చేసి, తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి నెట్టి వెళ్లారు. ఇంజను ఆపితే ఏసీ ఆగి ఉక్కకు మెలకువ వస్తుందని, తాళం తిప్పకుండా, ఆయన వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.